లాక్ నుంచి అటామిక్ చలరాశికి: ఒక పరిణామచరిత్ర

ఉపోద్ఘాతం

అనేక థ్రెడ్లు ఏకకాలంలో వాడుకొనే ఉమ్మడి దత్తాంశాన్ని కాపాడటం కంప్యూటర్ శాస్త్రంలోని మౌలిక సమస్యలలో ఒకటి. ఒక చలరాశి విలువను 1 పెంచడం పైకి ఒకే పనిగా కనిపిస్తుంది. యంత్రస్థాయిలో అది మూడు పనులు: చదవడం, కలపడం, తిరిగి రాయడం. రెండు థ్రెడ్లు ఒకేసారి 5ను చదివితే రెండూ 6నే రాస్తాయి. ఒక పెంపు లెక్కలోకి రాదు. ఈ సమస్యకు మొదట లాక్, తరువాత దానికి ప్రత్యామ్నాయంగా అటామిక్ చలరాశి వచ్చాయన్నది సాధారణాభిప్రాయం. అయితే లాక్ నిర్మాణానికే సాధారణంగా అవిభాజ్య క్రియ పునాది అని చరిత్ర తెలుపుతున్నది. ఆ సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1. లాక్‌కు పునాది

ఎన్ని ప్రక్రియలున్నా ఒక సమయంలో ఒక్కటే కీలకభాగంలో ప్రవేశించే పద్ధతిని ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లో ప్రచురించారు. అంతకుముందే రెండు ప్రక్రియలకు డెక్కర్ పరిష్కారం చూపారు. ఉమ్మడి స్మృతిలో ఒక స్థానాన్ని చదవడం గాని, రాయడం గాని అవిభాజ్యమన్నది డైక్‌స్ట్రా పద్ధతికి ఆధారం. ఆ ఆధారం కూడా అవసరంలేని ‘బేకరీ’ పద్ధతిని 1974లో లెస్లీ లాంపోర్ట్ ప్రతిపాదించారు. అందులో ప్రక్రియలు అంగడిలో టోకెన్లు తీసుకొన్నట్లు వరుస పాటిస్తాయి.

యంత్రనిర్మాతలు వేరొక మార్గం అనుసరించారు. 1964లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్/360లో ‘టెస్ట్ అండ్ సెట్’ అనే ఆదేశం ఉన్నది. దాని తరువాతి సిస్టమ్/370లో ‘కంపేర్ అండ్ స్వాప్’ చేరింది. స్మృతిలోని విలువ తాము ముందు చదివినదే అయితే కొత్త విలువ రాయడం, మారి ఉంటే విఫలమైనట్లు తెలపడం దీని పని. విఫలమైన థ్రెడ్ మళ్ళీ చదివి ప్రయత్నిస్తుంది. ఈ క్రియతో లాక్ లేకుండానే నడిచే స్టాక్‌ను 1986లో ఐబీఎంకు చెందిన ట్రైబర్ వివరించారు.

2. సైద్ధాంతిక నిర్ధారణ

ఏ ఆదేశానికి ఎంత శక్తి ఉన్నదన్న ప్రశ్నకు 1991లో మారిస్ హర్లిహీ సమాధానమిచ్చారు. ఏ థ్రెడ్ మరొకదాని కోసం ఆగకుండా అన్నీ ఒకే నిర్ణయానికి రావాలంటే, కేవలం చదవడం, రాయడం ద్వారా రెండు థ్రెడ్లకు కూడా అది అసాధ్యం. ‘టెస్ట్ అండ్ సెట్’ రెండింటికి చాలుతుంది, మూడింటికి చాలదు. ‘కంపేర్ అండ్ స్వాప్’ ఎన్నింటికైనా చాలుతుంది. ఈ పరిశోధనకు 2003లో డైక్‌స్ట్రా పేరిట ఉన్న పురస్కారమే లభించింది.

3. లాక్ వల్ల కలిగే చిక్కు

1997 జులైలో అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటర్ పదేపదే పునఃప్రారంభమైంది. తక్కువ ప్రాధాన్యంగల వాతావరణ ప్రక్రియ లాక్‌ను పట్టుకొని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యంగల ప్రక్రియలు దాని పనిని అడ్డుకొన్నాయి. ఆ లాక్ కోసం ఎక్కువ ప్రాధాన్యంగల ప్రక్రియ నిరీక్షించవలసి వచ్చింది. లాక్ పట్టుకొన్న ప్రక్రియకు తాత్కాలికంగా ఉన్నత ప్రాధాన్యం సంక్రమించేటట్లు భూమి నుంచి మార్పు పంపి ఇంజనీర్లు దీనిని సరిదిద్దారు. అంటే అక్కడ లాక్‌ను తొలగించలేదు. దాని నియమాన్ని మార్చారు.

4. భాషలలో ప్రవేశం, పరిమితులు

2004లో వెలువడిన జావా 5 అటామిక్ తరగతులను, సవరించిన స్మృతి నమూనాను కలిపి అందించింది. సి++ భాషకు 2011 ప్రమాణం ఇటువంటి ఏర్పాటే చేసింది. ప్రాసెసర్, కంపైలర్ ఆదేశాల క్రమాన్ని మార్చగలవు కనుక అవిభాజ్యతతోపాటు క్రమనియమం కూడా అవసరమైంది.

అయినా పరిమితులున్నాయి. ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు సొమ్ము మార్చేటప్పుడు రెండు నిల్వలూ విడివిడిగా అటామిక్ అయినా, నడుమ చూసిన థ్రెడ్‌కు మొత్తం తప్పుగా కనిపిస్తుంది. విలువ మారి తిరిగి పాతదే అయితే ‘కంపేర్ అండ్ స్వాప్’ ఆ మార్పును గుర్తించలేదు. పోటీ పెరిగినకొద్దీ విఫలయత్నాలూ పెరుగుతాయి.

ముగింపు

లాక్, అటామిక్ చలరాశి పరస్పర విరుద్ధాలు కావు. రెండింటికీ సాధారణంగా మూలం అవిభాజ్య క్రియే. కాపాడవలసిన నియమం ఒక్క చలరాశికి పరిమితమైతే అటామిక్ క్రియ చాలుతుంది. అది అనేక చలరాశులకు విస్తరించినప్పుడు సాధారణంగా లాక్‌నే ఆశ్రయించవలసి ఉంటుంది. కనుక ఎంపికకు వేగం కన్న ముందు ఆ నియమం పరిధిని నిర్ణయించుకోవాలి.