స్పార్టక్‌తో ఆడని మ్యాచ్

టీవీ ముందు నుంచి లేవకండి. కాఫీ చల్లారితే చల్లారనివ్వండి. 2022 ఫిబ్రవరి 20, ఆదివారం. హెల్సింకీలో మీ ఇంట్లో పొద్దున్న ఆరింటికే లేచి కూర్చున్నారు. బయట ఇంకా చీకటి. మెడకు చుట్టుకున్న ఉన్ని మఫ్లర్ మీద ఒక జోకర్ నవ్వుతున్నాడు. మీ క్లబ్బు గుర్తు అది. యోకెరిత్. జోకర్ల జట్టు.

తెర మీద బీజింగ్. ఒలింపిక్ ఐస్ హాకీ ఫైనల్. ఎదుట రష్యా. డోపింగ్ శిక్ష వల్ల ఆ దేశం పేరు, జెండా ఇక్కడ వాడకూడదు. అయినా మీ వీధిలో ఆ జట్టును ఇంకో పేరుతో పిలిచేవాళ్ళు లేరు.

స్కోరు 1–1. మూడో పీరియడ్ మొదలైంది. ఇరవై నిమిషాలు, ఇదే ఆఖరిది. 31 సెకన్లు గడిచాయో లేదో, పక్ వలలో ఉంది. కొట్టింది హన్నెస్ బ్యోర్నినెన్. మీరు సోఫాలోంచి ఎగిరి దూకారు. దేశానికి ఆడుతున్నందుకు మాత్రమే కాదు. మిగతా ఏడాదంతా అతను యోకెరిత్ ఆటగాడు. మీవాడు.

ఇంకా 19 నిమిషాల 29 సెకన్లు.

కూర్చోలేరు. నిలబడలేరు. రష్యా వాళ్ళు వస్తున్నారు. షాట్. గోలీ హారి సాతెరి అడ్డం పడ్డాడు. ఊపిరి తీసుకున్నారు. మళ్ళీ వస్తున్నారు. గడియారం కదలదు. కదలదు. కదిలింది. అయిపోయింది.

2–1. ఐస్ హాకీలో ఫిన్లాండ్‌కు ఇది మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. కిటికీ బయట తెల్లారిపోయింది. ఫోన్ మోగింది. నాన్న. డెబ్భై అయిదేళ్ళ మనిషి, గొంతు పూడుకుపోయి మాట రావడం లేదు. కాసేపటికి తేరుకుని, "ఇంక స్పార్టక్ సంగతి చూడాలిరా" అన్నాడు.

స్పార్టక్ అంటే మాస్కో స్పార్టక్. యోకెరిత్‌కు ప్లేఆఫ్స్‌లో వాళ్ళతోనే పోటీ, త్వరలోనే మొదలు. హెల్సింకీ జట్టుకు మాస్కో వాళ్ళతో లీగ్ మ్యాచ్‌లేమిటి అంటారా? అది తెలియాలంటే నాన్నతో పాటు కొంచెం వెనక్కి నడవాలి.

ఇది 1967. నాన్న ఇరవై ఏళ్ళ కుర్రాడు. హెల్సింకీలో హాకీ అంటే అప్పటికి హెచ్.ఐ.ఎఫ్.కె. 1897లో స్వీడిష్ మాట్లాడే కుర్రాళ్ళు పెట్టిన క్లబ్బు, ఊళ్ళో పాతకాపు. దానికి పోటీగా ఐమో మాకినెన్ అనే వ్యాపారి, తోలో పేటలోని ఒక చిన్న క్లబ్బు హాకీ విభాగాన్ని తీసుకుని, జోకర్ బొమ్మ వేసి, కొత్త జట్టు నిలబెట్టాడు. ఆటను వ్యాపారంలా నడుపుతానన్నాడు. పెద్దమనుషులు ముక్కు చిట్లించారు. నాన్న మాత్రం టికెట్ కొన్నాడు. 1973లో యోకెరిత్ ఫిన్లాండ్ చాంపియన్ అయ్యేసరికి ఇక ఆ మనిషిని పట్టేవాళ్ళు లేరు.

తర్వాత మీరు పుట్టారు. మీకు ఏడేళ్ళప్పుడు, 1987లో, జట్టు కింది డివిజన్‌కు జారిపోయింది. బడిలో హెచ్.ఐ.ఎఫ్.కె. పిల్లలు మిమ్మల్ని ఎంత ఏడిపించారో ఇప్పటికీ గుర్తుంది. 1989లో పైకొచ్చింది. ఇప్పుడు 1992. పన్నెండేళ్ళ మీరు స్టాండ్స్‌లో నాన్న చేయి పట్టుకుని ఉన్నారు. కింద మంచు మీద 8వ నంబర్ చొక్కా ఒకటి దూసుకుపోతోంది. తేము సెలానె. అతని స్కేట్ల కింద మంచు చర్రుమని చీలే చప్పుడు మీ వరుస దాకా వినిపిస్తోంది. ఆ ఏడాది యోకెరిత్ మళ్ళీ చాంపియన్. సెలానె ఉత్తర అమెరికా లీగ్‌కు వెళ్ళి, మొదటి సీజన్‌లోనే 76 గోల్స్ కొట్టాడు. ఏ కొత్త ఆటగాడూ అన్ని కొట్టలేదు.

బెంచీ వెనక నిలబడి ఉన్న కోచ్‌ను కూడా ఒకసారి చూడండి. బోరిస్ మయొరొవ్. సోవియట్ జట్టులో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు. ఒకప్పుడు మాస్కో స్పార్టక్ కెప్టెన్. మీకు కప్పు తెచ్చిపెట్టింది ఆ స్పార్టక్ మనిషే. రష్యా అంటే మీ మనసులో ఉన్నది భయం ఒక్కటే కాదు, అక్కడే ఉంది తిరకాసు.

1997లో హార్ట్‌వాల్ అరీనా తలుపులు తెరుచుకున్నాయి. పదమూడు వేల పైచిలుకు సీట్లు. మెత్తటి కుర్చీలు. ఆరో టైటిల్ 2002లో వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

2013 వేసవి. యజమాని హారి హార్కిమో విలేఖరుల ముందు కూర్చుని చెబుతున్నాడు. అరీనా అమ్మేశారు. కొన్నది రష్యా కుబేరులు, గెన్నాది తిమ్చెంకో, రోటెన్‌బెర్గ్ కుటుంబం. క్లబ్బులోనూ వాటా ఇచ్చారు. పై ఏడాది నుంచి యోకెరిత్ ఫిన్లాండ్ లీగ్ వదిలి, రష్యా నడిపే కె.హెచ్.ఎల్.లో ఆడుతుంది.

మీ చేతిలో సీజన్ టికెట్ రెన్యువల్ ఫారం ఉంది. పక్క సీట్లో పదేళ్ళుగా కూర్చుంటున్న స్నేహితుడు తన ఫారం చించేశాడు. "నేను రాను. నువ్వూ రాకు" అన్నాడు. సంతకం పెడతారా?

పెట్టారు. అక్కడ ఆట స్థాయి పెద్దది, ఆటగాళ్ళు పెద్దవాళ్ళు, ఆట వేరు రాజకీయం వేరు అని సర్దిచెప్పుకున్నారు. 2014 మార్చిలో రష్యా క్రిమియాను కలిపేసుకుంది. కొన్ని రోజులకే అమెరికా ఆంక్షల జాబితా వచ్చింది. అందులో మీ అరీనా కొన్నవాళ్ళ పేర్లున్నాయి. పేపరు మడిచి పక్కన పెట్టారు. శరదృతువు రాగానే మీ సీట్లో మీరు కూర్చున్నారు. పక్క సీటు ఖాళీ.

నన్నడిగితే, అసలు ఓటమి ఆ సంతకమే. కానీ బయట నిలబడి అనడం తేలిక. 2017 డిసెంబర్ 2న కైసానియెమి పార్కులో ఆరుబయట మంచు వేసి, సెంట్ పీటర్స్‌బర్గ్ జట్టుతో ఆడించిన రోజు మీరూ అక్కడే ఉండి చూడండి. బూట్లలో వేళ్ళు మొద్దుబారాయి. చుట్టూ వేలమంది. ఊపిరి ఆవిరై ఒకేసారి పైకి లేస్తోంది. క్లబ్బుకు యాభై ఏళ్ళు, నాలుగు రోజుల్లో దేశ స్వాతంత్ర్యానికి నూరేళ్ళు. నాన్న నవ్వుతున్నాడు. ఆ క్షణంలో యజమాని ఎవరని ఎవరడుగుతారు?

ఒక్కసారి మాత్రం అడిగారు. 2020 ఆగస్టులో బెలారూస్ ఎన్నికల తర్వాత మిన్స్క్ వీధుల్లో జనాన్ని పోలీసులు కొడుతున్నారు. సెప్టెంబర్ మొదటివారంలో యోకెరిత్ తొలి మ్యాచ్ మిన్స్క్‌లోనే. వెళ్ళొద్దని అభిమానులు గొడవ చేశారు. జట్టు విమానం ఎక్కలేదు. ఆడకుండానే ఓడినట్టు లెక్కకట్టారు. ఓడిపోయిన మ్యాచ్‌కు మీరు గర్వపడటం అదే మొదలు.

ఇక 2022 ఫిబ్రవరి 24కు రండి. గురువారం. స్వర్ణం వచ్చి నాలుగు రోజులే అయింది.

ఇంకా చీకటే. ఫోన్ వణుకుతోంది. తీశారు. కీవ్. పేలుళ్ళు. ట్యాంకులు సరిహద్దు దాటాయి.

మంచం మీద లేచి కూర్చున్నారు. మీ దేశానికి రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. మీ వయసు మగవాళ్ళలో చాలామందిలాగే మీరూ సైనిక శిక్షణ పొందిన రిజర్వు సిపాయి. నాన్నమ్మది వీపురి. యుద్ధంలో ఆ ఊరు సోవియట్ వశమైతే కట్టుబట్టలతో వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు.

నాన్నకు ఫోన్. ఎత్తాడు. మాట లేదు.

"స్పార్టక్‌తో ఆడతారా వీళ్ళు?" మీరడిగారు.

మాట లేదు.

కొక్కేనికి మఫ్లర్ వేలాడుతోంది. జోకర్ నవ్వుతున్నాడు. బయటికి వెళ్ళాలి. చుట్టుకోవాలా? ట్రామ్‌లో ఎవరైనా చూస్తే? ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్నవాళ్ళు చూస్తే? తీశారు. మళ్ళీ తగిలించారు. ఉత్త మెడతో బయటపడ్డారు. చలి.

ఆ రాత్రి క్లబ్బుకు ఈమెయిల్ రాశారు. ఒకటే వాక్యం. ఆడొద్దు.

శుక్రవారం, 25. ప్రకటన వచ్చేసింది. యోకెరిత్ ఈ సీజన్ కొనసాగించదు. ప్లేఆఫ్స్ నుంచి తప్పుకుంటోంది. అప్పటికి క్లబ్బు యజమానుల్లో ఒకరు యారి కురి. చిన్నప్పుడు ఇదే చొక్కా వేసుకుని ఆడి, తర్వాత ఎడ్మంటన్ జట్టుతో అయిదు స్టాన్లీ కప్పులు, అంటే ఉత్తర అమెరికా లీగ్ టైటిళ్ళు, గెలిచిన కురి. మంచు మీద స్పార్టక్ ఎదురుగా ఎవరూ రాలేదు. వాళ్ళు ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్ళిపోయారు.

అది అంతరాత్మ చెప్పిందా, గత్యంతరం లేకనా? ఆ వారమంతా బార్లలో ఇదే వాదన. రెండూ అనుకుంటాను. యుద్ధం మొదలైన వారంలో హెల్సింకీలో ఏ అరీనాలోనైనా రష్యా జట్టుతో ఆడితే చూడటానికి ఎవరొస్తారు? అయినా ఒక్క రోజులో నిర్ణయం తీసుకున్నారు. ఆ లీగ్‌లో అందరికంటే ముందు తప్పుకున్నది వీళ్ళే. రీగా జట్టు రెండు రోజుల తర్వాత వెళ్ళింది. అదే రోజు ఫిన్లాండ్, రష్యా విమానాలకు తన ఆకాశం మూసేస్తున్నట్టు చెప్పింది.

తర్వాతివి త్వరత్వరగా జరిగిపోయాయి. అరీనా గోడ మీది పేరును హార్ట్‌వాల్ కంపెనీ వెనక్కి తీసుకుంది. అరీనా యజమానుల మీద ఆంక్షలు, లోపల దీపాలు ఆరిపోయాయి. ఆటగాళ్ళు తలోదారి పట్టారు. 2022–23 సీజన్‌లో యోకెరిత్ పేరుతో పెద్దల జట్టు ఏ లీగ్‌లోనూ లేదు. అరవై ఏళ్ళు కూడా నిండని క్లబ్బు. శనివారం సాయంత్రాలు ఏం చేయాలో నాన్నకు తోచడం లేదు.

2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ నాటోలో చేరింది. ఆ శరదృతువులో యోకెరిత్ మళ్ళీ మంచు మీదికి దిగింది. పైలీగ్‌లో కాదు, మెస్టిస్ అనే రెండో డివిజన్‌లో. ఇక ప్రయాణాలు వ్లాదివొస్తోక్‌కు కాదు, ఈసల్మికి, కెవురుకు. ఊరి పిల్లలు పొద్దున ఆడుకున్న హాల్లోనే సాయంత్రం మ్యాచ్.

మీ ముందు మళ్ళీ ఒక టికెట్ ఫారం ఉంది. ధర తక్కువ. సీట్లు గట్టివి. ఫారం చించేసి వెళ్ళిపోయిన ఆ పాత స్నేహితుడి నంబర్ మీ ఫోన్లో ఇంకా ఉంది. 2013లో అతను చెప్పిందే నిజమైంది. ముందు ఆ మాట ఒప్పుకోండి, తర్వాత రెండు టికెట్లు కొనండి.