సుబ్బారావు గారి నీలం రంగు

యల్లాప్రగడ సుబ్బారావు గారంటే మనవాళ్ళకి ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన పనుల్లో బాగా నచ్చింది మందు కాదు, ఒక కొలత. 1925లో హార్వర్డ్ లో సైరస్ ఫిస్కే తో కలిసి ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్ష.

లాజిక్ సింపుల్. ఫాస్ఫేట్ కి ఆమ్లంలో మోలిబ్డేట్ కలిపి రెడ్యూస్ చేస్తే నీలం వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. 1920 నాటి బెల్, డోయిజీ పద్ధతి కూడా ఇదే, కాకపోతే ఆ రంగు త్వరగా వెలిసిపోయేది. వీళ్ళు రెడ్యూస్ చేసే రసాయనాన్ని మార్చి ఆ బాధ తప్పించారు.

మరి డిటెక్టర్? మనిషి కన్నే! డుబాస్క్ కలరీమీటర్ లో ఒక పక్క స్టాండర్డ్, ఇంకో పక్క శాంపిల్. రెండు సగాలూ ఒకే నీలంగా కనబడేదాకా లోతు మార్చాలి. సగం లోతుకే రంగు కలిసిందంటే గాఢత రెట్టింపన్నమాట.

అసలు కథ ఇక్కడే. కండరం శాంపిల్ పెడితే రంగు స్టాండర్డ్ తో సమానంగా రావట్లేదు, వెనకబడి మెల్లిగా పెరుగుతోంది. మనమైతే "నాయిస్" అని టికెట్ క్లోజ్ చేసేవాళ్ళం :) వీళ్ళు తవ్వారు. ఆమ్లంలో ఏదో విడిపోతూ ఫాస్ఫేట్ ని వదులుతోంది... అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. (ఇంగ్లండ్ లో ఎగుల్టన్ దంపతులు కూడా అదే ఏడు దీని జాడ పట్టారు.) 1929లో ఏటీపీ. జర్మనీలో లోమన్ కూడా అప్పుడే విడిగా కనుక్కున్నాడు. ఒక్క రీడింగ్ తీసి నంబర్ ప్రింట్ చేసే మెషిన్ ఉండుంటే ఆ ఆలస్యం ఎవరికి కనబడేది?

1941లో బెక్‌మన్ స్పెక్ట్రోఫోటోమీటర్ వచ్చాక కన్ను పక్కకి జరిగి ఫోటోట్యూబ్ వచ్చింది. అయినా లెక్క అదే, శాంపిల్ ఎంత వెలుతురు మింగిందో చూడటం. పదార్థం మరీ తక్కువుంటే రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడా వెతకాలి, కష్టం.

1947లో మెకెల్రాయ్ దీన్ని తిరగేశాడు. మిణుగురు వెలుగుకి ఏటీపీ కావాలని చూపించాడు. బాల్టిమోర్ పిల్లలకి డబ్బులిచ్చి మరీ పురుగులు పట్టించాడట! మా ఖిల్లా ఘణపూర్ గుట్ట కింద అయితే ఫ్రీగా పట్టిచ్చేవాళ్ళం. ఇక్కడ కొలిచేది చీకట్లో పుట్టిన వెలుగుని. అందుకే రంగుకి అందనంత తక్కువ ఏటీపీ కూడా దొరుకుతుంది. కాకపోతే ఎంజైము ఖరీదు, చల్లగా దాచాలి, శాంపిల్ లో ఉప్పు ఎక్కువైతే వెలుగు తగ్గిపోతుంది. నీలం రంగుకి ఇన్ని వేషాల్లేవు.

ఇప్పటి ఆసుపత్రి మెషిన్లు చాలావరకు నీలం దాకా కూడా వెళ్ళవు. మోలిబ్డేట్ కలిపి, 340 నానోమీటర్ల దగ్గర, కంటికి కనబడని అతినీలలోహిత కాంతిలోనే చదివేస్తాయి.