పాతాళ గరిగె

మా అమ్మమ్మగారింట్లో నుయ్యి ఉండేది. అందులో చేద పడిపోయిందంటే ఇల్లంతా హడావిడే! పక్కవీధి నుంచి పాతాళ గరిగె ఎరువు తెచ్చేవారు. ఇనప కొక్కేల గుత్తి అది. దాన్ని తాడుకు కట్టి, నీళ్లలోకి దింపి, అడుగంతా దేవేవాడు మావయ్య. కంటికేమీ కనబడదు, చేతికి తెలియాల్సిందే. "తగిలిందే!" అని ఆయన అరిస్తే పిల్లలమంతా చప్పట్లు కొట్టేవాళ్లం.

ఒక్కసారి మాత్రం ఆ గరిగెను చేద కోసం కాక, చెరువులో మనిషి కోసం పట్టుకెళ్లారు. ఆ రోజు మమ్మల్ని గదిలో పెట్టి తలుపేశారు.

మొన్న నీటి అడుగున తిరిగే డ్రోన్ల గురించి చదువుతుంటే నాకా కొక్కేలే గుర్తొచ్చాయి. సూట్‌కేసులో పట్టేంత యంత్రం. దానికో దీపం, కెమెరా, ఈదడానికి చిన్న చిన్న పంకాలు. రేడియో తరంగాలు నీళ్లలో ఎక్కువ దూరం పోవు గనక దీనికీ సాధారణంగా ఒక తాడు ఉంటుంది. ఆ తాడు వెంటే బొమ్మలు పైకొస్తాయి, ఆజ్ఞలు కిందికి పోతాయి. కళ్లొచ్చిన పాతాళ గరిగె అన్నమాట!

దీని కథ ప్రాణాలు కాపాడ్డంతో మొదలు కాలేదు సుమండీ. పరీక్షల్లో మునిగిన టార్పెడోలను ఏరుకోవడానికి అమెరికా నౌకాదళం 'కర్వ్' అనే యంత్రం తయారుచేసుకుంది. 1966 జనవరి 17న స్పెయిన్‌లోని పాలొమారెస్ దగ్గర ఆకాశంలో రెండు అమెరికా సైనిక విమానాలు ఢీకొన్నాయి. వాటిలో ఉన్న 4 హైడ్రోజన్ బాంబుల్లో ఒకటి సముద్రం పాలైంది. అది పడిన చోటు చూసి చెప్పినవాడు ఫ్రాన్సిస్కో సిమో అనే జాలరి. మనుషులెక్కే 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామి దాన్ని కనిపెట్టింది. ఏప్రిల్ 7న కర్వ్ పైకి తెచ్చింది. తీరా చూస్తే బాంబు తాలూకు పారాచూట్‌లో కర్వ్ తనే చిక్కుకుపోయింది. ఇక చేసేదేముంది, రెంటినీ కలిపే లాగేశారు!

1973లో దీనికి అసలైన పుణ్యం దక్కింది. ఐర్లండు దగ్గర సముద్రం అడుగున టెలిఫోను తీగ వేస్తున్న 'పైసిస్-3' ఆగస్టు 29న 1,575 అడుగుల లోతుకు జారిపోయింది. లోపల రోజర్ చాప్‌మన్, రోజర్ మాలిన్సన్. మూడు రోజుల పైచిలుకు కటిక చీకట్లో, చలిలో, ఊపిరిని పొదుపు చేసుకుంటూ పడున్నారు. సెప్టెంబరు 1న 'పైసిస్-2' ఒక తాడూ, 'కర్వ్-3' ఇంకో తాడూ తగిలిస్తే పైకొచ్చారు. అప్పటికి 12 నిమిషాలకు సరిపడా ప్రాణవాయువే మిగిలిందట!

ఆ ఐర్లండు సముద్రంలోనే 1985 జూన్ 23న మన ఎయిరిండియా 'కనిష్క' 329 మందితో కూలిపోయింది. 6,000 అడుగులకు పైబడిన లోతు నుంచి 'స్కారబ్' అనే యంత్రం విమానం రికార్డర్లు తెచ్చిచ్చింది. ప్రాణాలు తేలేదు. ఏం జరిగిందో తెలుసుకునే దారి తెచ్చింది.

ఇక మన గోదావరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ట' మునిగింది. 26 మంది బయటపడ్డారు. పడవ 200 అడుగులకు పైబడిన లోతులో ఉంది. పైన వరద, కింద బురద. అంత బురదనీటిలో ఏ కెమెరాకైనా చూపు ఆనదు. శబ్దంతో తడిమే సోనార్‌తో జాడ వెతికారు. చివరికి అక్టోబరు 22న పడవను బయటికి లాగింది మాత్రం కాకినాడ ధర్మాడి సత్యం బృందం. వాళ్ల సాధనాలేమిటనుకున్నారు? లంగర్లూ, ఇనప తాళ్లూ! చూశారా, మా మావయ్య విద్యే. పడవలో ఇంకా కొందరి శరీరాలున్నాయి.

"పోయినవాళ్ల కోసం ఇంత ఖర్చా, ఇంత శ్రమా?" అన్నాడు మా అబ్బాయి. తప్పుపట్టలేదు, చిన్నవాడు.

ఆనాడు తలుపు సందులోంచి నేను చూశాను. చెరువుగట్టున రెండు రోజులుగా కన్నీటిచుక్క రాల్చకుండా కూర్చున్న ఆ తల్లి, "దొరికాడు" అన్న మాట వినబడగానే భోరుమంది. మా అమ్మమ్మ కళ్లొత్తుకుంటూ, "పోన్లే, ఏడ్చింది" అంది.

మర్నాడు గరిగెను కడిగి, పసుపు రాసి, తిరిగి ఇచ్చేశారు.