సికింద్రాబాద్‌లో కారిన గ్యాస్

1960ల మధ్యలో అన్నామలై యూనివర్సిటీ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని ఒక తమిళ యువకుడు సికింద్రాబాద్‌లో ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీలో చేరాడు. పేరు వీరభద్రన్ రామనాథన్. ఫ్రిజ్‌లలో గ్యాస్ నిలవడం లేదు, ఎటుపోతోందో కనిపెట్టు అన్నారట. అక్కడి రాణీగంజ్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసి బతికిన నాకు ఆ పని ఎంత విసుగో తెలుసు.

అప్పటి ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-12, అంటే సీఎఫ్‌సీ జాతి గ్యాస్‌కు రంగు లేదు, అంటుకోదు, వాసనకూ దొరకదు. అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగ కోసం కాచుకోవాలి. లేదంటే హలైడ్ టార్చ్ వెలిగించి దాని రబ్బరు గొట్టాన్ని రాగి పైపుల వెంట నడపాలి. గ్యాస్ తగిలిందా, మంట ఆకుపచ్చగా మారుతుంది. దొరికిన చోట అతుకు వేసేముందు మిగిలిన గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడమే అప్పట్లో పద్ధతి. గురువులు మాకు అలాగే నేర్పారు. ఏ పుస్తకంలోనూ అది తప్పని రాసిలేదు.

ఆ వదిలేసిందంతా ఎటు పోయిందో మొదట చూపించినవాడు బ్రిటన్‌కు చెందిన జేమ్స్ లవ్‌లాక్. తానే కనిపెట్టిన పరికరంతో 1971లో షాకిల్టన్ నౌక ఎక్కి అంటార్కిటికా వైపు వెళ్తూ దారి పొడవునా గాలిని కొలిచాడు. ఫ్యాక్టరీ అన్నదే లేని నడిసముద్రంలోనూ ఆ జాతికే చెందిన సీఎఫ్‌సీ-11 కనబడింది. 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ సీఎఫ్‌సీలు పైకెక్కి ఓజోన్‌ను తింటాయన్నారు. అప్పటికి రామనాథన్ అమెరికాలో ఉన్నారు. సికింద్రాబాద్‌లో తనను సతాయించిన గ్యాస్ కూడా ఈ జాతిదే. 1975లో ‘సైన్స్’ పత్రికలో ఆయన లెక్క తేల్చారు: వేడిని పట్టి ఉంచడంలో ఒక్క సీఎఫ్‌సీ అణువు పదివేలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టు. ఫ్రిజ్ గ్యాస్ భూమిని వేడెక్కిస్తుందని అలా లెక్కకట్టి చూపింది ఆయనే.

తర్వాతి అంకం మళ్లీ మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఈసీఐఎల్ వైపు టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది కదా, అక్కణ్ణుంచి 1987, 1990, 1994, 1998లలో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాలవారు జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి బెలూన్లు ఎగరేశారు. ద్రవ నియాన్‌తో చల్లబరిచిన స్టీలు గొట్టాలు వాటికి వేలాడేవి. ఒక్కో ఎత్తులో ఒక్కో గొట్టం తెరుచుకుని, సుమారు 35 కిలోమీటర్ల దాకా గాలిని పట్టేది. పైకి పోయేకొద్దీ సీఎఫ్‌సీలు తగ్గుతూ వచ్చాయి. పైన అతినీలలోహిత కిరణాలకు అవి విరిగిపోవడమే కారణం. హైదరాబాదే ఎందుకంటే, నేల దగ్గరి గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కేది ఉష్ణమండలంలోనే. మేం రాణీగంజ్‌లో వదిలిన దాంట్లోంచీ కాస్త ఆ గొట్టాల్లో పడే ఉంటుందని నా అనుమానం!

1992లో భారత్ ఓజోన్‌ను కాపాడే మాంట్రియల్ ఒప్పందంలో చేరింది. 2010 నాటికి సీఎఫ్‌సీల కథ ముగిసింది. వాటి బదులు మా చేతికి 134ఏ గ్యాస్ వచ్చింది, ఆపై ఐసోబ్యూటేన్.

కాగితం మీద ముగిసినా గాలిలో ముగియలేదు. సీఎఫ్‌సీ-11 తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని 2018లో బయటపడింది. గాలిని కొలిచే కొరియాలోని గోసన్, జపాన్‌లోని హతెరుమా కేంద్రాల కొలతలను గాలివాటంతో కలిపి లెక్కకడితే మరుసటేడు ఆచూకీ ముఖ్యంగా చైనాలోని షాన్‌డాంగ్, హెబెయ్‌లలో తేలింది. గాలి కొలతలే దొంగ ఉన్న చోటు చూపించాయి. మన దేశంలో అలాంటి కేంద్రాలు బహు తక్కువ. 2016లో భారత్ వదిలే ఈ గ్యాసులను అంచనా కట్టడానికి బ్రిటన్ పరిశోధన విమానం ఉత్తరాదిపై ఎగరాల్సి వచ్చింది. బెలూన్లు ఎగరేసిన ఊరికి ఇది చిన్నతనమే.

కేంద్రాలు వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ ఎండాకాలం ఏసీకి గ్యాస్ ఛార్జింగ్ చేయించేముందు లీకు ఎక్కడుందో చూపించమని మెకానిక్‌ను అడగండి. పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగే మెషిన్ ఉన్నవాణ్ణే పిలవండి, కూలి కాస్త ఎక్కువైనా సరే.