అమ్మ ఇంజెక్షనూ, రెండు లావుపాటి పుస్తకాలూ

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా ఫ్రిజ్ తలుపులో మజ్జిగ గిన్నె పక్కన ఒక చిన్న అట్టపెట్టె కనబడింది. అమ్మ ఇంజెక్షను. పేరు అడాలిముమాబ్. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి ఆరేళ్ళయింది. కొబ్బరి కోరడం మానేసి నాలుగేళ్ళు. కోనసీమ వంటింట్లో కొబ్బరి కోరలేని ఆడమనిషి ఎంత చిన్నబుచ్చుకుంటుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. రాజమండ్రి డాక్టరు గారు ముందు టీబీ పరీక్ష చేయించి, రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు అని రాశారు. నాన్న దాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని, రావులపాలెం మీదుగా బస్సులో, ఒళ్ళోంచి దించకుండా తెస్తారు.

"ఒరేయ్ నాన్నా, ఇది దేంతో చేస్తార్రా?" అని అడిగింది. బీటెక్ చదివి, రోజూ జావా రాసుకునే నా దగ్గర జవాబు లేదు!

హైదరాబాదు వచ్చాక, పీహెచ్‌డీ చేస్తున్న మా పిన్ని కూతుర్ని అడిగాను. రెండు లావుపాటి పుస్తకాలు తెచ్చి బల్ల మీద పడేసింది. "ఫేజ్ డిస్‌ప్లే అన్నయ్యా. ఇందులోంచే వచ్చింది పెద్దమ్మ మందు" అంది. ఒకటి 1996లో కే, వింటర్, మెక్‌కాఫర్టీ సంపాదకులుగా అకడెమిక్ ప్రెస్ వేసింది. రెండోది 2001లో బార్బాస్, బర్టన్, స్కాట్, సిల్వర్‌మన్ సంపాదకత్వంలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వాళ్ళు వేసింది. అట్టలు ఊడి, మరకలు పడి, అంచుల నిండా పెన్సిలు రాతలు. మన సీ భాష పుస్తకం కాలేజీలో ఎలా ఉండేదో అచ్చం అలాగే.

సరే, కథలోకి వద్దాం. ఫేజ్ అంటే బ్యాక్టీరియాకి పట్టే వైరస్. గంగ, యమున నీళ్ళలో కలరా క్రిముల్ని చంపేదేదో ఉందని హాంకిన్ అనే ఆయన 1896లో మన దేశంలో ఉండే రాశాడు. దాన్ని 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ విడివిడిగా కనిపెట్టారు. ఫేజ్ అన్న పేరు డెరెల్ పెట్టిందే. 1945లో మాక్స్ డెల్‌బ్రూక్ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో వేసవి ఫేజ్ కోర్సు మొదలుపెట్టాడు. ల్యాబుల్లో బైబిల్ లాగా చూసుకునే మానియాటిస్ మాన్యువల్ 1982లో వచ్చిందీ అక్కడినుంచే.

అసలు మలుపు 1985. మిస్సోరీ విశ్వవిద్యాలయం జార్జ్ స్మిత్ ఒక ఫేజ్ జన్యువులో బయటి డీఎన్ఏ ముక్క ఇరికించాడు. దాని ప్రోటీన్ ఆ ఫేజ్ చివర బయటికి కనబడేలా వచ్చింది. ఇందులో గొప్పేముంది అనుకుంటున్నారా? మన భాషలో చెప్తాను. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాము తన సోర్స్ కోడ్‌ని జేబులో పెట్టుకుని తిరుగుతోందనుకోండి. కోటానుకోట్ల ప్రోగ్రాముల్లో మీకు కావలసిన పని చేసిందాన్ని పట్టుకుంటే చాలు, కోడ్ కూడా దొరికినట్టే. పట్టుకోవడం ఎలా? టార్గెట్‌ని ప్లాస్టిక్ పళ్ళానికి అంటించి, ఫేజుల్ని పోసి, కడిగేస్తారు. అంటుకుని మిగిలినవాటిని బ్యాక్టీరియాలో పెంచి మళ్ళీ పోస్తారు. మూడు నాలుగు సార్లు. మా నాయనమ్మ చేటలో బియ్యం చెరిగినట్టే.

మరి దీనికి అంత లావు పుస్తకాలెందుకు? చెల్లి చెప్పినదాని ప్రకారం, సరిగా కడక్కపోతే టార్గెట్‌కి కాకుండా ఉత్త ప్లాస్టిక్‌కి అంటుకునే ఫేజులు గెలిచేస్తాయట. పని బాగా చేసేవాళ్ళ బదులు ఇంటర్వ్యూ బాగా చేసేవాళ్ళు ఎంపికైనట్టు :-) ఎంతసేపు కడగాలి, దేంతో కడగాలి, ఎప్పుడు ఆపాలి... ఇలాంటివి పరిశోధనా పత్రాల్లో ఒక్క లైనుతో తేల్చేస్తారు. చేతికి తెలిసిన ఆ విషయాలన్నీ కాగితం మీద పెట్టినవాళ్ళకి నోబెల్ రాదు. నాకైతే అది కొంచెం అన్యాయమే అనిపిస్తుంది.

1990లో మెక్‌కాఫర్టీ, గ్రెగరీ వింటర్ బృందం ఫేజ్ మీద యాంటీబాడీ ముక్కని నిలబెట్టింది. అవును, 1996 పుస్తకం సంపాదకుల్లో ఉన్న మెక్‌కాఫర్టీయే. ఆ దారిలోనే కేంబ్రిడ్జ్ యాంటీబాడీ టెక్నాలజీ, బీఏఎస్ఎఫ్ కలిసి అడాలిముమాబ్ తయారుచేశాయి. 2002 డిసెంబరు 31న అమెరికాలో అనుమతి వచ్చింది. స్మిత్‌కీ వింటర్‌కీ 2018 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దక్కింది. 2014 డిసెంబరులో అహ్మదాబాదు జైడస్ క్యాడిలా దీని బయోసిమిలర్‌ని అమెరికా ధరలో ఐదో వంతుకి తెచ్చింది. ఆ ధరలు అలా దిగకపోతే మా ఇంట్లో ఆ పెట్టె ఉండేది కాదు, నాన్న ఎన్ని కొబ్బరికాయలు అమ్మినా.

మనవాళ్ళెవరూ లేరా అని వెతికాను (తెలుగువాళ్ళకి తప్పని జబ్బు). వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీలో వెనిగళ్ళ బి. రావు గారు దశాబ్దాలుగా టీ4 ఫేజ్ మీదే పనిచేస్తున్నారు. స్మిత్ ఫేజ్ సన్నటి దారంలా ఉంటే, టీ4 తలకాయ ఉన్న పెద్ద ఫేజ్. దాని మీద సాక్ అనే ప్రోటీన్ 870 చోట్ల ఉంటుంది. వాటికి ప్లేగు టీకా, కోవిడ్ టీకా ముక్కల్ని తగిలించి ప్రయోగాలు చేశారు.

మొన్న ఊరెళ్ళి ఇదంతా అమ్మకి చెప్పాను. ఇంజెక్షన్లో ఫేజులుండవనీ, దొరికిన కోడ్‌ని చిట్టెలుక జాతి జంతువు కణాల్లో పెట్టి మందు పండిస్తారనీ కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఎలుకా! శనివారం పూట ఎలుక మందు పొడిపించుకుంటున్నానట్రా?" అంది. నాన్న నవ్వాపుకోలేకపోయారు.

పెట్టెని తలుపులోంచి తీసి మధ్య అరలో పెట్టాను, తలుపు తీసినప్పుడల్లా వేడి తగలకుండా. మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి కోరాము చప్పుడొచ్చింది. అర చిప్పే. మిగతా సగం నా చేతికిచ్చింది.