చవక మందు అనగానే నాకెందుకు భయమేసింది? కీళ్లవాతం మందుల వెనక కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక ఉత్తరం ఉంది. 2019 జనవరిలో నేను ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు హాస్పిటల్ నుంచి వచ్చిన ఒక్క పేజీ ఉత్తరం. అందులో ఉన్నది ఇంతే: మీరు వాడుతున్న ఇంజెక్షన్‌కి బదులు, వచ్చే డెలివరీ నుంచి దాని బయోసిమిలర్ పంపిస్తాం, పనితీరులో తేడా ఉండదు, దీనివల్ల డబ్బు ఆదా అవుతుంది.

అప్పటికి ఐదేళ్లుగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన ఇళ్లలో కీళ్లవాతం అంటాం. "అది పెద్దవాళ్ల జబ్బు కదా?" అని అందరూ అడుగుతారు. వయసు మీద పడి మోకాలు అరిగిపోవడం వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూన్ సిస్టమ్ మన కీళ్ల మీదే దాడి చేస్తుంది. నాకు ఇరవై నాలుగేళ్లకే వచ్చింది. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకునేవి కావు. జడ వేసుకోలేకపోయేదాన్ని. మాత్రలు సరిపోక, చివరికి అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి, 40 మిల్లీగ్రాములు. మూడు నెలలకి నా జడ నేనే వేసుకున్నాను.

అలాంటి మందు మారుస్తామంటే ఎలా ఉంటుందో చెప్పండి. ఆ రాత్రి తణుకులో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "చవకది ఎందుకే? పాతదే ఇమ్మను. డబ్బులు కావాలంటే మేం పంపిస్తాం" అంది. నాకు కూడా సరిగ్గా అదే అనిపించింది. చవక అంటే నాసిరకం అని మన బుర్రలో ఎప్పుడో పడిపోయింది. చరిత్ర చెప్పుకునే మనిషిని కదా, ఆ మాటలో నిజమెంతో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. ఇవాళ చెప్పేది అదే.

కథ మా తణుకు పక్కనే, భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి లెడర్లే లేబొరేటరీస్‌లో పనిచేశారు. 1940లలో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. దాని పనిని అడ్డుకునే మందుల్నీ తయారుచేసింది. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. మొదట్లో అది బ్లడ్ క్యాన్సర్ మందు. కానీ దాన్ని చాలా తక్కువ డోసులో, వారానికి ఒక్కసారే ఇస్తే కీళ్లవాతం తగ్గుతుందని తర్వాత తేలింది. 1988లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఈ జబ్బుకి ఆమోదించింది. ఇవాళ్టికీ ప్రపంచమంతా డాక్టర్లు ముందుగా రాసేది చాలావరకు ఇదే. చాలా చవకైన మాత్ర! మెథోట్రెక్సేట్ చవక అని ఎవరూ దాన్ని అనుమానించరు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

మధ్యలో ఇంకో ఘట్టం ఉంది. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ కార్టిసోన్ వాడితే, మంచం మీదున్న రోగులు లేచి నడిచారు. 1950లో ఆయనకి నోబెల్ వచ్చింది. కానీ ఎక్కువకాలం వాడినవాళ్లకి ఎముకలు గుల్లబారడం, ముఖం ఉబ్బడం లాంటివి మొదలయ్యాయి. అంటే కొత్త మందు అనగానే ఎగిరి గంతేయకూడదని ఈ జబ్బు చరిత్రే నేర్పింది. భయపడే రోగి తెలివితక్కువది కాదన్నమాట.

ఇప్పుడు 1992కి వద్దాం. లండన్, చేరింగ్ క్రాస్ హాస్పిటల్. ఇద్దరు శాస్త్రవేత్తలు. ఒకరు మార్క్ ఫెల్డ్‌మన్. రెండోవారు రవీందర్ మైనీ, మన లూధియానాలో పుట్టినాయన. కీళ్లలో మంట పుట్టించే రసాయనాలు చాలా ఉంటాయి. వాటిలో టీఎన్ఎఫ్ అనే ఒక్కదాన్ని ఆపితే మిగతావి కూడా నెమ్మదిస్తాయని వీళ్ల వాదన. చాలామంది నమ్మలేదు. 20 మంది రోగులకి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే యాంటీబాడీ ఎక్కించి చూశారు. వాపులు తగ్గాయి. 2003లో ఇద్దరికీ లాస్కర్ అవార్డు వచ్చింది. ఆ దారిలోనే 1998లో ఎటనర్‌సెప్ట్, 1999లో కీళ్లవాతానికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, 2002 చివర్లో నేను వాడే అడాలిముమాబ్, దాని బ్రాండ్ పేరు హ్యుమిరా, అమెరికాలో ఆమోదం పొందాయి.

మరి ఇవి ఎందుకంత ఖరీదు? ఒక కారణం తయారీ. మెథోట్రెక్సేట్ చిన్న అణువు, ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి చేస్తారు. అడాలిముమాబ్ బరువు దానికి మూడు వందల రెట్లకి పైనే. అంత పెద్ద ప్రోటీన్‌ని రసాయనాలతో చేయలేం. హ్యామ్‌స్టర్ అనే చిన్న ఎలుక జాతి జంతువు కణాల్లో దాని జన్యువు పెట్టి, పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి తీస్తారు.

రెండో కారణం పేటెంట్లు. హ్యుమిరా అసలు పేటెంట్ అమెరికాలో 2016లో అయిపోయింది. కానీ కంపెనీ తయారీ పద్ధతి మీద, డోసు మీద, ఇంకా చాలా వాటి మీద వందకి పైగా పేటెంట్లు తీసుకుంది. దాంతో యూరప్‌లో 2018 అక్టోబర్‌లోనే పోటీ మందులు వస్తే, అమెరికాలో 2023 జనవరి దాకా రాలేదు. 2021లో ఈ ఒక్క మందు అమ్మకాలు 2,000 కోట్ల డాలర్లు దాటాయి. అంటే నేను కట్టించుకుంటున్న ధరలో హ్యామ్‌స్టర్ కణాల ఖర్చు ఒక భాగం అయితే, లాయర్ల పని ఇంకో భాగం.

ఇక బయోసిమిలర్ అంటే ఏంటి? పారాసిటమాల్ ఏ కంపెనీది కొన్నా అణువు ఒకటే. దాన్ని జనరిక్ అంటాం. జీవకణాల్లో తయారయ్యే ప్రోటీన్ మాత్రం అచ్చుగుద్దినట్టు రాదు. ఒకే కంపెనీలో ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ కూడా చిన్న తేడాలుంటాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒరిజినల్ తయారీ పద్ధతే మార్కెట్‌లోకి వచ్చాక ముప్పైసార్లకి పైగా మారింది. రోగులకి ఎవరూ ఉత్తరాలు రాయలేదు! అందుకే బయోసిమిలర్‌కి "అదే" అన్న మాట వాడరు, "పోలినది" అంటారు. పనిలో, భద్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదని ల్యాబ్‌లో, మనుషుల మీద నిరూపించాలి.

ఈ నియమాలు ముందు రాసింది యూరప్. 2006లో మొదటి బయోసిమిలర్‌ని ఆమోదించింది. 2013లో దక్షిణ కొరియా కంపెనీ చేసిన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి అక్కడ అనుమతి దొరికింది. కానీ అంతకంటే ముందే మన హైదరాబాద్ ఉంది. 2007లో డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే మందుకి తన వెర్షన్ తెచ్చింది, ఒరిజినల్ ధరలో దాదాపు సగానికి. రిటుక్సిమాబ్ క్యాన్సర్‌కీ వాడతారు, కీళ్లవాతానికీ వాడతారు. 2014 డిసెంబర్‌లో అహ్మదాబాద్‌కి చెందిన జైడస్ ప్రపంచంలోనే మొదటి అడాలిముమాబ్ బయోసిమిలర్‌ని అమ్మకానికి పెట్టింది. నాకు ఉత్తరం వచ్చేసరికి మన దేశంలో నాలుగేళ్లుగా దాన్ని వాడుతున్నారు. ఇదంతా తెలియక, అమ్మ తణుకు నుంచి డబ్బులు పంపిస్తానంటోంది!

సరే, "మొదటిసారి వాడటం వేరు, పాతది పనిచేస్తుండగా మార్చడం వేరు కదా?" అని మీరు అడగొచ్చు. నా ప్రశ్న కూడా అదే. దీన్ని నార్వే ప్రభుత్వం తన డబ్బుతో పరీక్షించింది. 482 మంది. అందరూ ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద బాగానే ఉన్నవాళ్లు. సగం మందికి పాతదే, సగం మందికి బయోసిమిలర్. ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టర్‌కీ తెలియదు, రోగికీ తెలియదు. ఏడాది తర్వాత పాత మందు మీద నూటికి 26 మందికి జబ్బు పెరిగింది, కొత్తదాని మీద 30 మందికి. ముందే పెట్టుకున్న హద్దు లోపలే ఆ తేడా ఉంది. ఒక మాట కూడా చెప్పాలి. వాళ్లలో ఆరు రకాల జబ్బులవాళ్లున్నారు, కీళ్లవాతం ఒక్కదాని గురించే తీర్పు చెప్పేంత మంది లేరు. నాకు ఇందులో కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంకోటి: పాత మందు మీద ఉన్నవాళ్లకి కూడా నూటికి 26 మందికి జబ్బు పెరిగింది! మందు మార్చాక నొప్పి వస్తే మనం మార్పునే తిడతాం. మార్చకపోయినా ఆ నొప్పి వచ్చేదేమో.

దీనికి తోడు నోసీబో అని ఒకటుంది. ఈ మందు నాకు పడదు అని గట్టిగా అనుకుంటే నిజంగానే నొప్పి ఎక్కువ తెలుస్తుంది. అది నటన కాదు, నొప్పి నిజమే. డెన్మార్క్‌లో 2015లో దేశమంతా ఒకేసారి ఇన్‌ఫ్లిక్సిమాబ్ మార్చారు. మార్పుకి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు చూస్తే జబ్బు తీవ్రత మారలేదు. అయినా ఏడాదిలో నూటికి 16 మంది ఆపేశారు. అందుకే, ఎలా చెప్పి మారుస్తారన్నది కూడా వైద్యంలో భాగమే. నాకు వచ్చిన ఉత్తరంలో ఆ భాగమే లేదు. ఎవరిని అడగాలో పేరు లేదు. మార్పు పడకపోతే ఏంటో లేదు. "డబ్బు ఆదా" అని మాత్రం ఉంది.

నేను ఫోన్ చేసి, పట్టుబట్టి, రుమటాలజీ నర్సుని కలిశాను. ఆవిడ ఇరవై నిమిషాలు ఓపిగ్గా చెప్పింది. మార్చే ముందు కీళ్లు లెక్కపెట్టి స్కోర్ రాసింది, మూడు నెలలకి మళ్లీ చూస్తానంది. ఆ రోజు వెయిటింగ్ రూమ్‌లో ఒకావిడతో మాట కలిసింది. వేళ్లు నావి ఒకప్పుడు ఉన్నట్టే ఉన్నాయి. ఇంజెక్షన్ ఇవ్వలేదంది. ఎందుకంటే ఇంగ్లండ్‌లో అప్పటి రూల్ ప్రకారం జబ్బు స్కోర్ 5.1 దాటితేనే ఈ మందులిస్తారు. ఆవిడది 4.9. "ఇంకొంచెం చెడితే ఇస్తారట" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ గీత గీసింది మందు ధర.

అప్పట్లో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సంస్థ ఈ ఒక్క అడాలిముమాబ్ మీదే ఏడాదికి 40 కోట్ల పౌండ్లకి పైగా ఖర్చుపెట్టేది. హాస్పిటళ్లు కొనే మందుల్లో అన్నిటికంటే ఎక్కువ. బయోసిమిలర్లు వచ్చాక ఏడాదికి 30 కోట్లు మిగులుతుందని 2018 నవంబర్‌లో ప్రకటించారు. ఇప్పుడు చూడండి. ధరలు పడిపోయాక, 2021 జులైలో అక్కడి నైస్ అనే సంస్థ ఆ గీతని కిందకి దించింది. మాత్రలతో తగ్గని మధ్యస్థ తీవ్రత ఉన్నవాళ్లకి కూడా అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇవ్వొచ్చంది. 4.9 ఆవిడ లాంటివాళ్లకి తలుపు తెరుచుకుంది. నాలాంటివాళ్లు మందు మార్చుకోవడం వల్లే అది కుదిరింది.

నా సంగతి? కొత్త పెన్ను కాస్త ఎక్కువ మండింది. కొన్ని బ్రాండ్లలో సిట్రేట్ కలుపుతారు, దాని మంట అది. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టాక పొడుచుకుంటే తగ్గింది. మూడు నెలలకి స్కోర్ ఉన్నచోటే ఉంది. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాక కూడా బయోసిమిలరే వాడుతున్నాను. ఇక్కడ నా జేబులోంచే కొంటున్నా కాబట్టి, ఆ ఉత్తరంలోని "ఆదా" అనే మాట ఇప్పుడు బాగా అర్థమవుతోంది. మన దగ్గర చాలామందికి అసలు ప్రశ్న పాతదా కొత్తదా అని కాదు. ఈ మందు మొదలుపెట్టగలమా లేదా అని.

మీకో, మీ ఇంట్లోవాళ్లకో, అమెరికాలో ఉన్న మీ అక్కకో ఇలాంటి మాట వస్తే సొంతంగా మందు మాత్రం ఆపేయకండి. డాక్టర్‌ని నాలుగు అడగండి. ఈ మందుకి అనుమతి ఎవరిచ్చారు? మార్చే ముందు నా కీళ్ల స్కోర్ రాస్తారా? మళ్లీ ఎప్పుడు చూస్తారు? పడకపోతే ఏం చేస్తారు? ఇవి అడగడం మన హక్కు.

అమ్మకి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే మన భీమవరం ఆయన మాత్ర కూడా వేసుకుంటున్నావా?" అంది. వారం వారం వేసుకుంటున్నానమ్మా అన్నాను. ఆ మాత్ర చవకేనా అని మాత్రం అడగలేదు.