బోయ కొట్టములు పండ్రెండు

సూర్యాపేట నుండి కోదాడ మీదుగా తూర్పునకు పోవు బాట బెజవాడ చేరును. మిర్యాలగూడ నుండి వాడపల్లి కడ కృష్ణను దాటి దక్షిణమునకు సాగు బాట పలనాటి మీదుగా అద్దంకి చేరును. ఈ రెండు బాటలును మా సీమ వారికి చిరపరిచితములే. మిర్యాలగూడ బియ్యపు లారీలు రేయింబవళ్లు వీని మీదనే తిరుగుచుండును. అయితే ఈ బాటల చివర నున్న బెజవాడకును అద్దంకికిని 1,170 ఏండ్లకు పూర్వము నడచిన వైరమును తలచుకొనువారు మాత్రము అరుదు. ఆ కథ ఒక రాతి మీద ఒకే యొక పద్యముగా నిలిచి యున్నది. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఆ రాయి పండరంగని అద్దంకి శాసనము. తెలుగు పద్యము పుట్టుకను గూర్చి ముచ్చటించు ప్రతివారును దీనిని పేర్కొందురు. నన్నయభట్టారకునికి దాదాపు రెండువందల యేండ్లకు ముందు తరువోజ ఛందస్సు ఇంత చక్కగా నడచినదా యని ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యము తగినదే. కాని యతిప్రాసల సొగసు చూచుచు మనము పద్యములోని విషయమును మఱచుచున్నాము. అది యొక జాతి ఓటమిని చెప్పు పద్యము.

విషయమిది. రాజు పట్టము కట్టుకొన్న తొలి యేటనే పండరంగడను సేనానికి సైన్యమిచ్చి, సామంతులను తోడు చేసి పంపెను. అతడు బోయల కొట్టములు పండ్రెండింటిని పట్టుకొనెను. కట్టెపు దుర్గమును నేలమట్టము చేసెను. కందుకూరును బెజవాడ యంతటి దానిగా చేసెను. పద్యము ముగిసిన పిమ్మట వచనమున ఆదిత్యభటారునికి 80 పుట్ల నేల దానమిచ్చిన సంగతి గలదు. రాజు పేరు రాతిమీద లేదు. పండరంగడు గుణగ విజయాదిత్యుని సేనాపతియని వేంగి చాళుక్యుల తామ్రశాసనములు చెప్పుచున్నందున ఇది ఆ రాజు పట్టాభిషేక కాలమునకు, అనగా క్రీ.శ. 848 ప్రాంతమునకు, చెందినదని పండితులు నిర్ణయించిరి. 44 ఏండ్లు వేంగి నేలిన ఆ రాజునకు తొలి విజయము బోయల మీదిదే. కిరణపుర దహనము మొదలైన పెద్దమాటలన్నియు తరువాతివి.

ఇక ఈ బోయలెవరు? అడవుల బడి వేట మీద బ్రదుకుచు బాటసారులను దోచుకొను మూకలని కొందరు వ్రాయుదురు. ఈ మాట నాకు సమ్మతము కాదు. శత్రువు చెక్కించిన శాసనమే దీనికి ఎదురు సాక్ష్యము పలుకుచున్నది. కొట్టమనగా కోటయని కొందరు, కోట క్రింది సీమయని కొందరు అర్థము చెప్పుదురు. ఏ యర్థము గైకొన్నను పండ్రెండు కొట్టములు గలవారు ఇల్లు వాకిలి లేని వారు కారు. గుండ్లకమ్మ మొదలు కందుకూరు దాక వారి నేల; ఆ నేలకు ఎల్లలు, ఎల్లలకు కావలి యుండి తీరవలెను. వట్టి దొంగల గుంపు మీదికి ఏ రాజును పట్టము కట్టుకొన్న యేటనే సామంతులనందఱను పోగుచేసి పంపడు.

ఇంకొక సాక్ష్యము దీనికి సుమారు నూఱేండ్లు ముందటిది. పల్లవ రాజగు నందివర్మ పల్లవమల్లుని 21వ పాలన సంవత్సరమున వేయించిన ఉదయేందిర తామ్రశాసనము అతని సేనాని ఉదయచంద్రుని విజయములను వర్ణించుచున్నది. ఉత్తర దిక్కున పృథివీవ్యాఘ్రుడను నిషాదపతి అశ్వమేధపు గుఱ్ఱమును విడిచి దాని వెంట తిరుగుచుండగా ఉదయచంద్రుడు వెంటాడి ఓడించెనట. విష్ణురాజు దేశము నుండి వెడలగొట్టెనట. ముత్యాలహారములను, బంగారపు రాసిని, ఏనుగులను పట్టుకొనెనట. విష్ణురాజనగా వేంగి చాళుక్యుడే. ఈ నిషాదపతి బోయ ప్రభువని చరిత్రకారులు పెక్కురు తలంతురు. అశ్వమేధమనునది సమ్రాట్టులు చేయు యాగము! అడవి జాతియని మనము తేలికగా అనువారి నాయకుడు పల్లవులకును చాళుక్యులకును నడుమ నిలిచి గుఱ్ఱమును విడిచినాడు. ఆ సాహసము ఫలించలేదు. కాని అతని కడ ముత్యాలును ఏనుగులును ఉండెనని చెప్పినది అతనిని గెలిచినవాడే గదా.

ఇట్టి జాతుల కథ మన దేశమునకే పరిమితము కాదు. అదే కాలమున ఐరోపాలో ఫ్రాంకులను ప్రబల జాతి తూర్పుదిక్కున ఎల్బె, సాలె నదుల దాక తన యేలుబడిని చాచెను. ఆ నదుల కావల స్లావు జాతికి చెందిన సోర్బులు చిన్నచిన్న కోటలు కట్టుకొని యుండిరి. 806లో షార్లెమాను చక్రవర్తి కుమారుడు చార్లెసు వారి మీదికి దండెత్తగా వారి నాయకుడు మిలిదుఖుడు యుద్ధమున కూలెను. ఫ్రాంకులు ఆ నదుల యొడ్డున రెండు కోటలను కట్టించిరి. 851లో, అనగా మన అద్దంకి శాసనమునకు మూడేండ్ల తరువాత, జర్మను రాజు లూయీ సోర్బుల పైరులను నాశనము చేసి, కత్తికంటె ఆకలితోనే వారిని లొంగదీసెనని ఫుల్డా వార్షికములు చెప్పుచున్నవి. ఆ సోర్బులు ఆనాడు తమ మాటగా ఒక్క పంక్తియు వ్రాసికొనలేదు. మిలిదుఖుని పేరు కూడ శత్రువుల పుస్తకము దయచేతనే మనకు దక్కినది. పృథివీవ్యాఘ్రుని పేరు దక్కినదియు అట్లే.

ఈ పోలికను నేను ఊరక తేలేదు. గెలిచినవాని మాట తప్ప వేఱు సాక్ష్యము లేనిచోట చరిత్ర చదువరి ఏమి చేయవలెను? ఆ మాటను కొట్టివేయుట తగదు, ఉన్నదున్నట్లు మ్రింగుటయు తగదు. అతడు గొప్పకు చెప్పినదానిని ప్రక్కనుంచి, అలవోకగా జాఱవిడిచిన దానిని ఏఱుకొనవలెను. అద్దంకి శాసనమున పండరంగని శౌర్యము గొప్పకు చెప్పినది. పండ్రెండు అను సంఖ్య జాఱవిడిచినది. కట్టెపు దుర్గము కూలుట గొప్ప. దుర్గమొకటి ఉండెననుట మనకు లాభము.

కందుకూరు మాటయు ఇట్టిదే. బెజవాడ కృష్ణ యొడ్డున చాళుక్యులకు ముఖ్య పట్టు. కందుకూరును దానితో సరిచేసెననగా వచ్చి, కొట్టి, మరలిపోవుట కాదు. అచ్చట పాదు కొనుట. దేవునికి భూమి నిచ్చుటయు అందులోని భాగమే. ఆ 80 పుట్ల నేలను అంతకు ముందు ఎవరు దున్నిరో శాసనము చెప్పదు. ఆ యెల్లలలో అది ఎవరి నేలయో ఊహించుట కష్టము కాదు.

అటు పిమ్మట బోయలు ఏమైరి? యుద్ధశాసనములలో వారి ప్రసక్తి అంతగా కనబడదు. కాని పదునొకండవ, పండ్రెండవ శతాబ్దుల దానశాసనములు చూచినచో మఱియొక విధమున వారు ఎదురగుదురు. ద్రాక్షారామము మొదలైన చోట్ల దాతలు దేవునికి అఖండదీపము పెట్టించునప్పుడు దాని నేతికై గొఱ్ఱెలనో ఆవులనో ఇచ్చుచుండిరి. సాధారణముగా ఒక దీపమునకు 50 గొఱ్ఱెలు. శాసనభాషలో వీనికి ఇనుపయెడ్లని పేరు. ఆ మందను పుచ్చుకొని దినదినము మానెడు నేయి పోయుటకు ఒప్పుకొన్నవాడు పెక్కుచోట్ల ఒక బోయడు. ఫలానా బోయని కొడుకు ఫలానా బోయడు అని తండ్రి పేరుతో సహా చెక్కియుందురు. అతని తరువాత అతని బిడ్డలును ఆ నేయి పోయవలెను.

వీరందఱును ఆ పండ్రెండు కొట్టముల వారి సంతతియేనా యని మీరడుగవచ్చును. అందఱును కాకపోవచ్చును, బోయ యను మాట అప్పటికి మందలు కాచు వృత్తికి కూడ వాడుకలోనికి వచ్చియుండును. అయినను ఆ పేరు నశింపలేదు. రాయలసీమలో వాల్మీకి బోయలుగా నేటికిని లక్షలమంది ఆ పేరుతో నున్నారు. జర్మనీ తూర్పు భాగమున లౌజిత్సు సీమలో సోర్బులును తమ భాషను నేటికి మాటలాడుచునే యున్నారు.

కొట్టములేలిన బోయలలో ఒక్కని పేరును అద్దంకి రాతి మీద చెక్కలేదు. ద్రాక్షారామ స్తంభముల మీద మాత్రము నేయి పోసిన బోయల పేర్లు, వారి తండ్రుల పేర్లు, వారు పుచ్చుకొన్న గొఱ్ఱెల లెక్కయు, పోయవలసిన నేతి కొలతయు చదువవచ్చును.